ఒరిజినల్ డిస్కుకు ఒక నకలు

కంప్యూటరు ఎంత మంచిదైనా ఆపరేటింగ్ సిస్టమ్ చెడితే ఉలకదు, పలకదు. మళ్ళీ ఎక్కించడానికి ఇన్‌స్టలేషన్ డిస్కు కావాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆపేసింది. ఏ లేబొరేటరీలోనైనా దానిమీదే నడిచే పరికరం ఉంటే, ఉన్న ఒక్క సీడీకి గీతలు పడకముందే నకలు తీయాలి.

"ఫైళ్ళన్నీ కాపీ చేస్తే చాలదా?" అనవచ్చు మీరు. చాలదు. సీడీ నుంచి కంప్యూటరు మేల్కొనేందుకు కావలసిన బూట్ సమాచారం మామూలు ఫైళ్ళ వరసలో కనిపించదు. ఫైళ్ళు మాత్రమే ఎక్కించిన సీడీలో అన్నీ ఉన్నట్లే ఉంటాయి గానీ, అది బూట్ కాదు! అందుకని డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్లు ఒకే ఐఎస్ఓ ఇమేజ్‌గా తీసి, ఆ ఇమేజ్‌నే ఖాళీ సీడీ మీద రాయాలి. రాశాక ఒరిజినల్‌తో సరిపోల్చి, నకలుతో ఒకసారి బూట్ చేసి చూడాలి. ప్రొడక్ట్ కీని విడిగా రాసి దాచాలి.

మరి ఇది దొంగతనం కాదా? కాదు. ప్రోగ్రాం ప్రతిని న్యాయంగా పొందినవారు, అది పోకుండా, పాడవకుండా రక్షణ కోసం నకలు తీసుకోవడానికి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షను ఒప్పుకుంటుంది. స్నేహితులకు పంచడానికి మాత్రం కాదు సుమా!

ఒరిజినల్‌ని ఎండ తగలకుండా బీరువాలో పెట్టండి. చేతికి నకలే రానివ్వండి.