గాజుతొట్టిలో ఇరుగుపొరుగు

మన పెద్దవాళ్ళ కాలంలో చెన్నపట్నంలో బతికివున్న చేపల్ని వేడుకగా చూడాలంటే మెరీనా ఒడ్డున వున్న అక్వేరియానికి పోవలసిందే. 1909లో వెలసిన ఆ ప్రదర్శనశాల మన దేశంలో ఆ తరహావాటిలో మొదటిది. రెండవ ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, దాన్ని మూసివేశారు. మా అమ్మ చిన్నతనంలో తిరువళ్ళిక్కేణి నుంచి తాతగారి వేలు పట్టుకొని నడిచివెళ్ళి చూసివచ్చిందట. అద్దం వెనకాల చేప తనవైపే చూసిందని చివరిదాకా చెప్పుకొనేది.

ఇప్పుడు ఆ ముచ్చట తీరాలంటే కొళత్తూరు పోతే చాలు. దేశంలో రంగుచేపల వ్యాపారానికి పేరుపడిన చోట్లలో అది ముఖ్యమైనది. పెరంబూరు దాటి ఆ వీధుల్లో అడుగుపెట్టారో లేదో, కొట్ల ముందు నీళ్ళ సంచులు దీపాల్లాగా వేలాడుతూ కనబడతాయి. పిల్లలు వెంట వుంటే వట్టి చేతులతో తిరిగిరావడం జరిగేపని కాదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మా మనవడికి తొమ్మిదేళ్ళు. వాడి తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. అందులో రెండు ఏంజెల్ చేపలు, ఐదారు మాలీలు ఏడాదిగా కాపరం చేస్తున్నాయి. ఏంజెల్‌కు పొట్టకింద రెండు పొడుగాటి తీగలుంటాయి, చూశారు కదూ? అవి వూపుకుంటూ అది పోతూవుంటే పెళ్ళిలో పట్టుచీరె కుచ్చెళ్ళు సర్దుకొని నడిచే పెద్దముత్తయిదువలాగా వుంటుంది. పోయిన వేసవి సెలవుల్లో వాడు ఒక కొట్లో టైగర్ బార్బులను చూసి మనసు పారేసుకున్నాడు. పసుపురంగు ఒంటిమీద నాలుగు నల్లచారలు. “అన్నీ కలిసే వుంటాయమ్మా, భయం లేదు” అన్నాడు కొట్టతను. రెండు కొన్నాము. సంచీలోనుంచి తిన్నగా తొట్టిలో వదిలేశాము.

మూడోనాడు పొద్దున్నే వాడు నన్ను లేపి, “అమ్మమ్మా, ఏంజెల్‌కు మీసాలు లేవు” అన్నాడు. నిజమే. తీగలు మొదలుకంటా కొరికివేసి వున్నవి. రెక్క అంచులు చీరికలైనవి. పెద్ద ఏంజెల్ ఒక మూల తలవంచుకొని నిలబడిపోయింది. రెండవది సాయంత్రానికి పోయింది. వాడు అన్నం ముట్టలేదు. “నేను కొనమన్నాను కాబట్టే చచ్చిపోయింది” అని ఒకటే ఏడుపు. కొనిచ్చినదాన్ని నేను. ఇద్దరికీ తెలియకనే కదా జరిగిందని చెప్పినా వాడికి ఎక్కలేదు. నాకూ ఎక్కలేదు.

పెరంబూరులో మా వియ్యంకుడిగారి అన్నగారున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరైనారు. ముప్ఫైయేళ్ళుగా చేపలు పెంచుతున్నారు. టెలిఫోను చేస్తే ఆయన మొదట అడిగిన మాట, “వదినగారూ, ఎన్ని బార్బులు తెచ్చారు?” అని.

“రెండే నండీ.”

“అదే పొరపాటు. పది తెచ్చివుంటే ఇంత అల్లరి చెయ్యకపోవును!”

నాకు వింతగా తోచింది. ఆయన విప్పిచెప్పారు. టైగర్ బార్బు గుంపులో పుట్టి గుంపులో బతికే చేప. ఆరూ ఎనిమిదీ కలిసివుంటే ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న తగవులాట వాటిలో అవే తీర్చుకుంటాయి. ఒకటి రెండే వుంటే ఆ పోరు పక్కవాళ్ళమీద పడుతుంది. అప్పుడైనా పొడుగురెక్కల చేపలతో వాటిని కలపరాదు. ఏంజెల్, గప్పీ, ఫైటర్, వీటి రెక్కలు కదులుతూవుంటే వాటికి నోరు ఆగదు. నియాన్ టెట్రా, రస్బోరా, కోరిడోరాస్ వంటి సాధుజాతులు కూడా ఆరేసి వుంటేనే ధైర్యంగా తిరుగుతాయి. లేకపోతే బెదిరి మూలన దాక్కుంటాయి.

ఆ ఆదివారం ఆయన ఇంటికి పోయి మధ్యాహ్నమంతా కూర్చున్నాము. ఆయన చెప్పినవాటిలో నా బుర్రకెక్కినవి మన చెల్లెళ్ళకు కూడా పనికివస్తాయని రాస్తున్నాను.

అందం చూడకముందు నీళ్ళు చూడాలట. మన పట్నంలో చాలా పేటల్లో బోరునీళ్ళు కరుకు. పప్పు ఉడకని నీళ్ళు మనకు తెలియనివా! ఆ నీళ్ళలో మాలీ, గప్పీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ హాయిగా వుంటాయి. అమెజాను అడవుల్లోని మెత్తటి నీళ్ళనుంచి వచ్చిన జాతి డిస్కస్. దాన్ని బోరునీళ్ళలో పెట్టి మాలీతో కలిపితే ఇద్దరిలో ఎవరో ఒకరు సుఖపడరు. మెట్రోనీళ్ళయితే క్లోరిన్ పోయేదాకా ఒకరోజు తేర్చాలి. ఎండ సంగతి సరేసరి. మే నెలలో మన తొట్లలో నీళ్ళు 30 డిగ్రీలు దాటుతాయి. గోల్డ్‌ఫిష్ చల్లదనం కోరే జాతి. పైగా మెల్లగా ఈదుతుంది, నోట్లో పట్టిన చిన్నచేపను మింగనూ మింగుతుంది. దాన్ని దాని జాతితోనే వుంచడం మేలు.

తరువాతది ఎదుగుదల. కొట్లో అమ్మేవన్నీ పసిపిల్లలే! రూపాయి బిళ్ళంత ఏంజెల్ ఎదిగితే అరచేయంత అవుతుంది. అప్పుడు చిన్నప్పటినుంచీ కలిసి తిరిగిన నియాన్ టెట్రాలు ఒక్కొక్కటే కనబడకుండా పోతాయి. రాత్రిపూట దీపం ఆర్పాక జరిగే పని కాబట్టి ఇంట్లోవాళ్ళు పిల్లిని తిడతారు. ఒకదాని నోట్లో ఇంకొకటి పట్టేటట్టుంటే ఆ రెండింటికీ పొత్తు లేదని ఆయన లెక్క. ఆస్కార్ అడుగు పొడవు ఎదుగుతుంది. దానితో గప్పీలను కలిపితే అది వాటిని స్నేహితులనుకోదు, పలహారమనుకుంటుంది.

గోడలకు అంటుకొని పాచి తింటుందని సక్కర్ చేపను రెండంగుళాలప్పుడు అందరూ కొంటారు. అదీ అడుగుకు మించుతుంది. తొట్టి చాలక జనం దాన్ని తీసుకుపోయి చెరువులో వదిలేస్తారు. పుణ్యం చేశామనుకుంటారు కాబోలు! మన ఆంధ్రదేశంలో కృష్ణలోను, పెన్నలోను ఈ జాతి చేరి, వలలు చింపి, బెస్తవాళ్ళ ప్రాణం తీస్తున్నది. వాళ్ళు దానికి దెయ్యంచేప అని పేరు పెట్టారు. ఒంటినిండా గట్టి పలకలు, ముళ్ళు. తినేవాళ్ళూ లేరు, కొనేవాళ్ళూ లేరు. మీ ఇంట్లో ఎక్కువైన చేపను కొట్టతనికో, పెంచేవాళ్ళకో ఇవ్వండిగాని, కాలవలోకి మాత్రం వద్దు.

ఇక గుణం. మగ ఫైటర్లు రెండు ఒక తొట్టిలో ఇమడవని పిల్లలకు కూడా తెలుసు. గప్పీ రంగుతోకను చూసి అది ఇంకో ఫైటరనుకొని మీద పడుతుందని నాకు మాత్రం అప్పుడే తెలిసింది. గప్పీలకు, మాలీలకు మగదానికి రెండు మూడేసి ఆడవి వుండాలి. లేకపోతే మగవి వెంటపడి ఆడదాని ప్రాణం తోడేస్తాయి. అదృష్టమనీ, వాస్తుకు మంచిదనీ ఈమధ్య చాలామంది ఫ్లవర్‌హార్న్‌ను తెస్తున్నారు. అది ప్రకృతిలో పుట్టిన జాతి కాదు, మలేషియాలో మనుషులు కలిపి తయారుచేసినది. దానికి ఎవరితోను పడదు. దాని అదృష్టం అది ఒంటరిగా అనుభవించవలసిందే.

ఇంతలో మావాడు, “మరి దేనితోనైనా స్నేహంగా వుండే చేప లేదా, తాతయ్యా?” అన్నాడు. ఆయన నవ్వి, దక్షిణదేశపు ఉప్పుకయ్యల్లో కలిసి బతికే రెండు జాతుల సంగతి చెప్పారు. ఒకటి ఆరెంజ్ క్రోమైడ్, ఒకటి గ్రీన్ క్రోమైడ్. గ్రీన్ క్రోమైడ్ మన పులికాటులోనూ వున్నది. దాని ఒంటికి పట్టిన పరాన్నజీవులను ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలు ఏరి తింటాయట. 1972లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి రాసిపెట్టారు. మావాడు పొంగిపోయాడు. “కాని పెద్దవైన తరువాత అవే వాటి గుడ్లూ పిల్లలూ తింటాయిరా” అని ఆయన అనేసరికి వాడి మొహం చూడాలి!

కొత్తచేపను తెచ్చే పద్ధతి కూడా వాడిచేత కాగితంమీద రాయించారు. రెండు మూడు వారాలు వేరే టబ్బులో వుంచి చూడాలి. ఒంటిమీద ఉప్పుకల్లులాంటి తెల్లచుక్కలు కనబడితే అది అంటురోగం, తొట్టి మొత్తాన్ని ఊడ్చిపెడుతుంది. జబ్బు లేదని తేలాక సంచీని పావుగంట సేపు తొట్టిలో తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టినీళ్ళు కలిపి, చేపను వలతో ఎత్తి వేయాలి. సంచీనీళ్ళు తొట్టిలో పోయకూడదు. సాయంత్రం దీపం ఆర్పి, పాత చేపలకు మేత వేసి, రాళ్ళు కాస్త అటూఇటూ జరిపి వదిలితే మంచిది. రాళ్ళు ఎందుకంటారా? పాతవాళ్ళకు కూడా ఇల్లు కొత్తదైపోతుంది. ఇది నాచోటు అని పోట్లాడేందుకు చోటేదో వాటికే తెలియదు. ఒకేసారి రెండు మూడుకంటే ఎక్కువ వేయరాదు. చేపల మలినాన్ని హరించే సూక్ష్మజీవులు కొత్తభారానికి తగినట్లు పెరగడానికి వ్యవధి కావాలి. గుంపుచేపల్నయితే పెద్ద తొట్టిలో, మేత తగ్గించి, నీళ్ళు తరచు మారుస్తూ చేర్చుకోవచ్చునన్నారు.

ఆ వేళే మా బార్బులు రెండింటినీ ఆయనకు అప్పగించి వచ్చాము. ఆయన దగ్గర అప్పటికే ఎనిమిదున్నవి. ఇవి చేరి పదైనవి. వాటిలో మావి ఏవో ఇప్పుడు మావాడికే ఆనవాలు తెలియడం లేదు.

మిగిలిన ఏంజెల్‌కు రెండు నెలల్లో తీగలు మళ్ళీ మొలిచాయి. ఎడమది కొద్దిగా వంకర. మావాడు రోజూ స్కూలునుంచి రాగానే పుస్తకాలసంచీ కింద పెట్టకుండానే స్కేలు తీసి అద్దానికి ఆనించి దాన్ని కొలుస్తున్నాడు. దానికి జతగా ఇంకొక ఏంజెల్ కావాలట. టబ్బు కడిగి సిద్ధంగా పెట్టుకున్నాడు.