ముందు చిత్తు, పిదప సాపు

అనుభవజ్ఞుడైన దస్తావేజు లేఖరి స్టాంపు కాగితముపై నేరుగా కలము పెట్టడు. తొలుత తెల్లకాగితముపై చిత్తు వ్రాసి, సరిహద్దులు, సర్వే నంబర్లు, సాక్షుల పేర్లు సరిచూచి, ఉభయపక్షములకు చదివి వినిపించి, పిమ్మట సాపు వ్రాయును. నేడు తెరలపై మనము చదువు పుటలను సిద్ధపరచు కంప్యూటర్లకును ఈ జాగ్రత్త యావశ్యకమే. అది యెట్లో విన్నవించెదను.

మీ మనుమడు సెల్‌ఫోనులో మీ భూమి వివరములు చూపునపుడు, ఆ పుట ముందే వ్రాసి యుంచినది కానక్కరలేదు. అడిగిన తక్షణమే దూరముననున్న యొక కంప్యూటరు దానిని కూర్చి పంపవచ్చును. దానియొద్ద ఖాళీలుగల అచ్చు ఫారమువంటి మూస యుండును. దీనిని టెంప్లేటు అందురు. పేరు, విస్తీర్ణము మొదలగువానిని లెక్కలనుండి తీసి యా ఖాళీలలో నింపును. ఇట్టి పుటలను వ్రాయు పద్ధతికి హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు.

ఉదాహరణమునకు గో అను ప్రోగ్రామింగు భాషను గైకొందము. గూగుల్ సంస్థలో రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ అను మువ్వురు 2007లో దీనిని ప్రారంభించిరి. 2009లో ఇది లోకమునకు వెల్లడియయ్యెను. హెచ్.టి.ఎం.ఎల్. మూసలను నింపుటకు అందులో నొక లైబ్రరీ కలదు. నింపిన యక్షరములను ఎచ్చట వ్రాయవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే చెప్పవలెను. చదువరికి పోవు మార్గముననే వ్రాయుమనవచ్చును. లేదా కంప్యూటరు జ్ఞాపకములోని యొక చిత్తుపలకపై వ్రాయుమనవచ్చును. ఈ చిత్తుపలకకే బఫరు అని పేరు.

నేరుగా వ్రాసిన కీడేమి? ఒక రైతునకు ఐదు సర్వే నంబర్లు గలవనుకొందము. మూడు వరుసలు వ్రాసిన పిమ్మట, నాల్గవదాని వివరము చిక్కక పని నిలిచిపోయెను. తప్పు కలిగినదని లైబ్రరీ తెలుపును గాని, వెడలిన వరుసలను వెనుకకు రప్పింపజాలదు. మఱియు ప్రతి పుటకు ముందు ఒక సంకేతసంఖ్య పోవును. 200 అనిన సర్వము సక్రమము. 500 అనిన పంపు కంప్యూటరున లోపము. మొదటి యక్షరము వ్రాయుటతోడనే 200 స్థిరపడును. పిదప దానిని 500గా మార్చ వీలులేదు. పుటను చూపు బ్రౌజరు సయితము, సగములో తెగిన పట్టికను తానే ముగించి చక్కగా చూపును. రైతు తన పేర మూడు నంబర్లే యున్నవని భ్రమపడును. తప్పు తప్పుగా కనబడిన విచారింపవచ్చును. ఒప్పువలె కనబడు తప్పే చేటు.

బఫరు నుపయోగించినచో పుటనంతయు అందు నింపి, లోపము లేదని తేలిన పిమ్మట ఒక్కమారుగా పంపుదురు. లోపము కలిగినచో ఆ చిత్తును పారవైచి, వివరములు ఇప్పుడు చూపలేమని 500 సంఖ్యతో స్పష్టముగా తెలుపుదురు.

ఇందు వ్యయము లేకపోలేదు. పుట పూర్తియగువరకు దానినంతయు జ్ఞాపకమున నిలుపవలెను; చదువరియు వేచియుండవలెను. లక్షల వరుసలుగల పట్టికకు ఇది భారమే. సాధారణపు పుటకు మాత్రము ఈ భారము స్వల్పము. ఇక మూలమైన లెక్కలోనే తప్పున్నచో బఫరు దానిని దిద్దజాలదు.

కావున తెరపై పట్టికను చూచునపుడు, చివర మొత్తము తెలుపు వరుస యున్నదేమో, వరుసల సంఖ్య మీ కాగితములతో సరిపోవునేమో చూచుకొనుడు. సరిపోనిచో పుటను మరల తెరిపించి చూచి, అప్పటికిని సందేహము తీరనిచో కచేరిలో విచారించుడు.