సంస్కారము: పదము, పరమార్థము

‘వానికి సంస్కారము లేదు’ అని ఒకనిని నిందించుట లోకములో తఱచుగా వినబడును. ఆ మాట తీరు చూచినచో సంస్కారము పుట్టుకతో వచ్చు సొత్తువలె తోచును. కాని పదము పుట్టుపూర్వోత్తరములు విచారించినచో అర్థము వేఱుగా నున్నది.

‘కృ’ ధాతువునకు చేయుట యని యర్థము. దానికి ‘సమ్’ అను ఉపసర్గ చేరగా చక్కజేయుట యను భావము కలిగినది. నడుమ కనబడు సకారము ఊరక వచ్చినది కాదు. అలంకరించుట యను అర్థమున ‘సమ్’, ‘పరి’ అను ఉపసర్గల తరువాత ఈ ధాతువునకు ముందు సకారము ఆగమముగా వచ్చునని పాణిని విధించెను. సంస్కృతము, సంస్కృతి, సంస్కరణము ఈ పదమునకు తోబుట్టువులు. పరిష్కారము దగ్గఱి చుట్టము. అన్నిటియందును ఉన్నది చేత యే, పుట్టుక కాదు.

మీమాంసకులు ఈ పదమును యజ్ఞశాలలో పరీక్షించిరి. ఒక వస్తువును ఒక ప్రయోజనమునకు యోగ్యముగా చేయునది సంస్కారమని శబరస్వామి తాత్పర్యము. యాగమునకు తెచ్చిన వడ్లను దంచి పొట్టు పోగొట్టుట ఒక సంస్కారము. వానిపై మంత్రపూర్వకముగా నీరు చిలుకరించుట మఱియొకటి. మొదటిది దోషమును తొలగించును, రెండవది గుణమును చేర్చును. వైద్యశాస్త్రమందును ఈ యర్థమే కలదు. నీరు, నిప్పు, చిలుకుట, కాలము మొదలైనవానిచే ద్రవ్యమునకు క్రొత్తగుణము కలిగించుటను చరకసంహిత సంస్కారమని పేర్కొన్నది.

వైశేషికులు దీనిని లోపలికి తెచ్చిరి. అనుభవము గడచిన పిదప ఆత్మయందు నిలిచి స్మృతికి కారణమగు ముద్రకు ‘భావన’ యని పేరు. అదియు ఒక సంస్కారమే. తీవ్రమైన అనుభవముచేతను, అభ్యాసముచేతను, ఆదరముచేతను అది గట్టిపడునని ప్రశస్తపాదుడు వివరించెను. ఒకనాటి కర్మకంటె నిత్యాభ్యాసమునకు ఇచ్చట విలువ హెచ్చు.

మఱి కర్మలు జరిగినంతమాత్రమున మనుష్యుడు సంస్కారవంతుడగునా? ఈ ప్రశ్నకు గౌతమధర్మసూత్రము స్పష్టముగా ఉత్తరమిచ్చినది. అందు 40 సంస్కారములు లెక్కింపబడినవి. వెంటనే దయ, ఓర్పు, అసూయ లేమి, శుచి, అనాయాసము, మంగళము, లోభము లేమి, ఆశ లేమి అను 8 ఆత్మగుణములు చెప్పబడినవి. 40 సంస్కారములు జరిగియు ఈ గుణములు లేనివానికి పరమపదము లేదనియు, సంస్కారములు కొన్నియే జరిగినను గుణములున్నవానికి అది కలదనియు ఆ గ్రంథము తీర్పు చెప్పినది. కర్మలను విధించిన శాస్త్రమే వాని హద్దును గీచినది.

ఆధునికకాలమున ఈ పదము ఇల్లు దాటి సంఘమునకు వర్తించినది. కందుకూరి వీరేశలింగము 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించినప్పుడు లోకము దానిని సంఘసంస్కరణ మన్నది. వడ్ల పొట్టును పోగొట్టినట్లు ఆచారమునందలి దోషమును పోగొట్టుటయే దాని భావము.

కావున సంస్కారము లేదనుటకు సరియైన యర్థము, జరుగవలసిన పని యింకను జరుగలేదనుటయే. బడిలో నొక బాలునిగూర్చి ఆ మాట యనునపుడు నింద వానియందే నిలువదు. ఆ పని చేయవలసిన పెద్దలవైపునకును తిరుగును. దంచని వడ్లను చూచి బియ్యము కాలేదని వడ్లను తిట్టువారు లేరు గదా!