సర్వరులో డెకరేటర్ల పని

వేసవి సెలవుల తరువాత బడి తెరచినప్పుడు ప్రధానోపాధ్యాయులు టైము టేబిలు తయారు చేయుదురు. సోమవారము మూడవ పిరియడు పదవ తరగతికి గణితము అని అందులో ఒక్కసారి వ్రాసిన చాలును. అటుపిమ్మట సంవత్సరము పొడుగునను, ఆ గంట మ్రోగినప్పుడెల్ల లెక్కల మాస్టారు ఆ తరగతికి పోవుదురు. పట్టికలో వ్రాయుట వేరు, పాఠము చెప్పుట వేరు. మొదటిది ఒక్కసారి జరుగును. రెండవది గంట మ్రోగిన ప్రతిసారి జరుగును. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో వెబ్ సర్వరు పనిచేయు తీరు సులభముగా బోధపడును.

మనము ఫోనులో ఒక పుటను తెరువగోరినప్పుడు ఎక్కడనో యున్న సర్వరుకు ఒక అభ్యర్థన చేరును. సర్వరుకు అది ఒక సంఘటన, అనగా గంట మ్రోగుట వంటిది. అభ్యర్థనలోని చిరునామాను చూచి, దానికి తగిన ప్రమేయమును పిలిచి, అది యిచ్చిన ఫలితమును సర్వరు జవాబుగా పంపును. ప్రమేయమనగా ఇచ్చట ఒక పేరు గల ఆజ్ఞల సముదాయము. అయితే ఏ చిరునామాకు ఏ ప్రమేయమో సర్వరుకు ఎట్లు తెలియును? అందులకు పైథాన్ భాషలో వాడు ఉపాయమే డెకరేటరు.

2004లో వెలువడిన పైథాన్ 2.4తో ఈ పద్ధతి వచ్చినది. ప్రమేయమునకు పై వరుసలో @ గుర్తు వేసి డెకరేటరు పేరు వ్రాయుదురు. డెకరేటరు కూడ ఒక ప్రమేయమే. అది తన క్రిందనున్న ప్రమేయమును తీసికొని, దానినే కాని, దానికి బదులు మరియొక దానిని కాని తిరిగి యిచ్చును.

ఆర్మిన్ రోనాకర్ 2010లో వెలువరించిన ఫ్లాస్క్ అను ఫ్రేమ్‌వర్కును ఉదాహరణగా తీసికొందము. ఇందులో 'రూట్' అను డెకరేటరు చిరునామాను, ప్రమేయమును జతపరచి తన పట్టికలో వ్రాసికొని, ప్రమేయమును మార్పు లేకుండ తిరిగి యిచ్చును. ప్రోగ్రాము మొదలగునప్పుడు ఈ నమోదు ఒక్కసారి జరుగును. 'బిఫోర్ రిక్వెస్ట్' క్రింద వ్రాసిన ప్రమేయము ప్రతి అభ్యర్థనకు ముందు నడచును. అది ఏదైన ఫలితము నిచ్చినచో అదియే జవాబగును, అసలు ప్రమేయమును సర్వరు పిలువనే పిలువదు. 'ఆఫ్టర్ రిక్వెస్ట్' ప్రమేయములు సిద్ధమైన జవాబును అందుకొని, అవసరమైన మార్పు చేసి తిరిగి యిచ్చును. ఇవి పెక్కు ఉన్నప్పుడు చివర నమోదైనది ముందు నడచును.

ఇక ప్రమాదము ఎచ్చట నున్నదో చూతము. విద్యార్థుల మార్కుల పుటను లాగిన్ అయిన ఉపాధ్యాయులే చూడవలెనని 'కాపలా' అను డెకరేటరును మనమే వ్రాసితిమనుకొనుడు. అది మొదట తనిఖీ చేసి, తరువాతనే అసలు ప్రమేయమును పిలుచు ఒక కొత్త ప్రమేయమును తిరిగి యిచ్చును. సరియైన వరుస ఇది (తెలుగు లిపిలో చూపితిమి):

@యాప్.రూట్("/మార్కులు")
@కాపలా
డెఫ్ మార్కులు():

డెకరేటర్లు క్రింది నుండి పైకి పనిచేయును. ఇచ్చట ముందు 'కాపలా' కొత్త ప్రమేయమును తయారుచేయగా, దానినే 'రూట్' నమోదు చేసినది. ఈ రెండు వరుసలను తారుమారు చేసినచో ఏమగును? 'రూట్' ముందుగా పనిచేసి, కాపలా లేని ప్రమేయమునే పట్టికలో వ్రాసికొనును. ఆ పిమ్మట 'కాపలా' వచ్చి కొత్త ప్రమేయమును తయారుచేసినను, పట్టికలోని పాత నమోదు మారదు. ప్రోగ్రాము తప్పు చూపదు. పుట చక్కగనే తెరచుకొనును. కాని ఊరిలో నెవరైనను ఆ మార్కులను చూడగలరు!

కనుక ఫ్లాస్క్‌లో 'రూట్' ఎల్లప్పుడు అన్నిటికంటె పైన ఉండవలెను. విద్యార్థులు ఈ రెండు వరుసలను మార్చి మార్చి వ్రాసి, లాగిన్ కాకుండ పుటను తెరచి చూడవలెను. లోనికి రాదగినవానికి తలుపు తెరచుకొన్నదని సంతోషించుట చాలదు. రాకూడనివానికి అది మూసియున్నదా యని కూడ పరీక్షింపవలెను.