ఖాళీ కంప్యూటర్లకు బేరం కుదిర్చిన పరిశోధన

ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు సంస్థల చేతుల్లో ఉన్న కంప్యూటర్లకు పంచి, ఫలితాలను ఒకచోటికి చేర్చే పద్ధతే గ్రిడ్ కంప్యూటింగ్. సూరత్ జవుళి వ్యాపారం నడిచే తీరు కూడా ఇదే. రింగ్ రోడ్ మార్కెట్లో కూర్చున్న వ్యాపారికి సొంత మగ్గం ఉండనక్కర్లేదు. దారానికి ఒకచోట పురి పెడతారు. ఇంకోచోట షెడ్లలో మరమగ్గాలపై బట్ట నేస్తారు. తెలంగాణ నుంచి వలసవెళ్లిన పద్మశాలీలు ఎందరో ఆ మగ్గాల మీదే బతుకుతున్నారు. రంగులు, అచ్చులు పాండేసరా మిల్లుల్లో పడతాయి. ఏ మగ్గం ఖాళీగా ఉంది? మీటరుకు ఎంత అడుగుతున్నారు? సరుకు ఏనాటికి చేతికొస్తుంది? కంప్యూటర్లకు పని పంచేటప్పుడూ తేల్చుకోవలసినవి ఈ మూడే.

మొదటి ప్రశ్నకు జవాబు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దొరికింది. లిట్జ్‌కౌ, లివ్నీ, ముట్కా 1988లో వెల్లడించిన ‘కాండర్’ వ్యవస్థ ఎవరూ వాడని కంప్యూటర్‌ను వెతికి పట్టుకుని పని అప్పగించేది. యజమాని తిరిగొచ్చి కీబోర్డు ముట్టుకోగానే పనిని ఉన్నదున్నట్టుగా భద్రపరచి, మరో ఖాళీ యంత్రం మీద అక్కడి నుంచే కొనసాగించేది. ఆ తర్వాత పరిశోధకులు ఇయాన్ ఫాస్టర్, కార్ల్ కెసెల్‌మన్ ఈ ఆలోచనను సంస్థల గోడలు దాటించారు. కరెంటు గ్రిడ్‌ను తలపించే ‘గ్రిడ్’ అన్న పేరు వారి పుస్తకంతో 1998 నుంచి స్థిరపడింది.

అయితే ఒక సంస్థ తన యంత్రాన్ని పరాయివారి పనికి ఎందుకివ్వాలి? మైసూరు, బెంగళూరు విశ్వవిద్యాలయాల్లో చదివి, ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా చేరిన రాజ్‌కుమార్ బుయ్యా ఈ ప్రశ్నను పట్టుకున్నారు. ఆయన ఇచ్చిన జవాబు: అద్దె కట్టాలి. డేవిడ్ అబ్రామ్సన్, జొనాథన్ గిడ్డీలతో కలిసి 2000లో ఆయన వివరించిన ‘నిమ్రాడ్-జి’ ఒక సాఫ్ట్‌వేర్ దళారి. వాడుకరి గడువు, ఖర్చుకు పరిమితి చెబితే చాలు. అది ముందు కొన్ని పనులు పంపి ఏ యంత్రం ఎంత వేగంగా చేస్తుందో చూస్తుంది. గడువులోగా పని పూర్తవుతుందనుకుంటే చవకైన యంత్రాలనే ఉంచుకుంటుంది. ఆలస్యమయ్యేలా ఉంటే ఖరీదైనవాటిని కూడా దింపుతుంది.

ఒక ప్రయోగంలో ఒక్కొక్కటి సుమారు 5 నిమిషాలు పట్టే 165 పనులను గంట గడువుతో వేర్వేరు దేశాల యంత్రాలకు అప్పగించారు. చెల్లింపు ‘గ్రిడ్ డాలర్’ అనే ఊహా నాణెంలో. చవకను చూడకుండా అన్ని యంత్రాలనూ వాడితే దాదాపు 6.9 లక్షలయ్యింది. దళారి బేరమాడితే అదే పని దాదాపు 4.7 లక్షలకే పూర్తయింది. ఆస్ట్రేలియాలో పగటి రద్దీ ధర ఉన్నప్పుడు అమెరికాలో రాత్రి, అక్కడి యంత్రాలు చవక.

నిజమైన గ్రిడ్‌పై ఒకే ప్రయోగాన్ని అవే పరిస్థితుల్లో రెండోసారి చేయలేం; యంత్రాల మీది భారం క్షణక్షణానికీ మారిపోతుంది. అందుకే బుయ్యా, మంజూర్ ముర్షెద్ కలిసి ‘గ్రిడ్‌సిమ్’ రూపొందించి 2002లో వెల్లడించారు. జావాలో రాసిన ఈ ఉపకరణం ఒక్క కంప్యూటర్‌లోనే వందల యంత్రాల గ్రిడ్‌ను అనుకరిస్తుంది. బుయ్యా పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం కూడా అదే ఏడాది వచ్చింది. 1961లో మొదలైన సూరత్ జాతీయ సాంకేతిక సంస్థ వంటి చోట చదివే ఎంటెక్ విద్యార్థి సైతం, ఖండాంతరాల యంత్రాలు చేతిలో లేకున్నా, కొత్త పంపిణీ పద్ధతిని తన బల్ల మీదే పరీక్షించుకునే వీలు ఇలా కలిగింది. మనదేశంలో అనుకరణ కాని అసలు గ్రిడ్ కూడా వచ్చింది: ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీ-డాక్ నిర్మించిన ‘గరుడ’ గ్రిడ్ హైదరాబాద్‌తో సహా 17 నగరాలను కలిపింది.

2006లో అమెజాన్ కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టడంతో ఊహా నాణెం స్థానంలో అసలు డబ్బు వచ్చింది. గ్రిడ్‌సిమ్ పునాదిపై మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలోని బుయ్యా బృందం 2009 నాటికి ఇలాంటి అద్దె యంత్రాల ‘క్లౌడ్’ను అనుకరించే ‘క్లౌడ్‌సిమ్’ను తయారుచేసింది. ఖాళీ యంత్రానికి ధర కట్టి పని పంచవచ్చని ఒక విద్యార్థి చూపిన ఆలోచన నేటి క్లౌడ్ సేవల్లోనూ కనిపిస్తుంది.