మెట్టకొండల యడవియు, మన చెరువు నీరును

వాన కొండపై గురియును. వరి పల్లమున పండును. ఈ రెంటి నడుమ నున్నది కొండవాలునందలి యడవి. మన రైతులు చెరువుగట్టును, మదుమును, కాలువను గూర్చి శ్రద్ధ వహింతురు గాని, చెరువునకు నీరంపు కొండను గూర్చి తలంచువారు తక్కువ. కొన్ని యేండ్ల కొకసారి పూడిక తీయుటకు ధనము వ్యయమగుచున్నది. ఆ మన్ను ఎచ్చటినుండి దిగినదో కనుగొని, అచ్చటనే దాని నాపినచో ఆ వ్యయములో కొంతయైనను మిగులును గదా! కావున ఈ యడవి బ్రదుకుతీరును సంఘసభ్యులకు విన్నవించుచున్నాము.

శ్రీకాకుళము, విజయనగరము, 2022లో నేర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలయందు తూర్పుకనుమలు వ్యాపించియున్నవి. నాగావళి, వంశధారలు ఒడిశాలోని కొండలలో పుట్టి మన మైదానమునకు దిగుచున్నవి. సువర్ణముఖియు, వేగవతియు సాలూరు, పాచిపెంట ప్రాంతపు కొండలనుండి వచ్చి నాగావళిలో కలియుచున్నవి. ఇవిగాక చిన్నచిన్న గెడ్డలెన్నియో ఊరి చెరువులను నింపుచున్నవి. ఏటి వర్షములో అధికభాగము జూను మొదలు నవంబరు వరకు కురిసి, పిమ్మట నెలల తరబడి నేల ఎండియుండును.

ఆ యెండకాలమును సహింపగల చెట్లే మెట్టకొండలపై నిలిచియున్నవి. ఇప్ప, సారపప్పు చెట్టు, తునికి, మద్ది, మోదుగ, ఉసిరి మున్నగునవి ఇట్టివి. తేమ తరిగినపుడు ఆకు రాల్చుట వీనిలో పెక్కింటి యుపాయము. ఆకులనుండి ఆవిరియై పోవు నీరు దీనిచే మిగులును. ఇప్పచెట్టు ఎండకాలపు ఆరంభమున ఆకులు లేక మోడువలె నుండియే పూచి, పిమ్మట చిగుర్చును. తునికిని నరికినను, నిప్పు సోకినను, భూమిలోని వేళ్లనుండి పిలకలు లేచును. పైకి బోడిగా గనబడు కొండలోపల పలుమారు ప్రాణమున్న వేళ్లుండును. ఈ మాట రైతు జ్ఞప్తియం దుంచుకొనదగినది.

రాలిన ఆకు వ్యర్థము గాదు. అది నేలపై పరపువలె పరచుకొని వానచినుకు దెబ్బను తాను భరించును. దానిక్రింద పురుగులు, చెదలు నేలను గుల్లచేయును. వేళ్లు సందులు కల్పించును. నీరు పరుగిడక ఇంకును. ఆ పరపు లేనిచో చినుకు నేరుగా మన్నును కొట్టి, రేణువులను విడదీసి, నేలపై పెంకు గట్టించును. అంతట నీరు వాలు వెంబడి మన్నుతో గూడ దిగి, ఒక్కపూటలో గెడ్డ పొంగి, మరునాటికి ఎండిపోవును. అడవియు కొంత నీరు త్రాగుననుట నిజమే. అడవి పెరిగినచో చెరువునకు వచ్చు నీటిమొత్తము పెరుగునని చెప్పుట సరికాదు. అది యిచ్చునవి రెండు: నీటికి తేటదనము, ప్రవాహమునకు నిలకడ. నాట్లనాడు బురదవెల్లువకంటె, పంట పొట్టమీద నున్నపుడు సన్నగా పారు గెడ్డయే మనకు మేలు గదా!

ఈ యడవిని మనుష్యులు మాత్రమే పెంచుటలేదు. ఇప్పపండ్లను గబ్బిలములు తిని గింజలను దూరముగ విడుచును. సారపప్పు పండ్లను పక్షులును జంతువులును తిని వ్యాపింపజేయును. అమెరికాలోని కొలరాడో పీఠభూమిపై పిన్యన్, జూనిపర్ అను పొట్టిచెట్ల యడవు లున్నవి. అచ్చట నొకజాతి నీలిపక్షి పిన్యన్ గింజలను నేలలో దాచుకొనును. తినక విడిచిన గింజలు మొలచి చెట్లగును. 2002, 2003 సంవత్సరముల కరవులో బెరడుపురుగు సోకి అచ్చట పిన్యన్ చెట్లు అసంఖ్యాకముగ నశించెను. ఆ చెట్టు కాపునకు వచ్చుటకే దశాబ్దములు పట్టును గనుక, నష్టము ఒక తరమున తీరునది కాదు. మనకు వర్షము అంతకంటె అధికము; మోడులు చిగుర్చు చెట్లును గలవు. మనము విడిచినచో మన కొండ త్వరగా కోలుకొనును. విడువకుండుటయే లోపము.

కీడు నాలుగు విధముల గలుగుచున్నది. ఇప్పపూలు ఏరుటకై చెట్టుక్రింది ఆకును తగులబెట్టుట మొదటిది. ఆ నిప్పు లేతమొక్కలనెల్ల కాల్చును. సారపప్పు కాయలను పండకమునుపే కొమ్మలతో నరికి దించుట రెండవది. విత్తనము నేలకు చేరదు. లేతచిగుళ్లను మేకలు, పశువులు ఎడతెగక మేయుట మూడవది. పోడుభూమికి విశ్రాంతి చాలకుండుట నాల్గవది. ఈ కడపటిదానికి కొండవాసులను నిందించుట న్యాయము గాదు. పూర్వము భూమిని పెక్కేండ్లు బీడువిడుచు పద్ధతి యుండెను; జనము పెరిగి, భూమి తరిగి, ఆ గడువు కుదించుకొనిపోయినది. లోయలలో రాతిగట్లు పేర్చి, మెట్లు మెట్లుగ మళ్లు కట్టి, గెడ్డనీటిని మడినుండి మడికి దింపు సవరల నేర్పు మన మైదానపువారు చూచి నేర్వదగినది.

సంఘములు చేయగల పను లివి. చెరువునకు నీరువచ్చు కొండవాలును భాగములుగ విభజించి, గ్రామస్థుల యంగీకారముతో నొక్కొక్క భాగమున కొన్నియేండ్లు మేత మాన్పవలయును. కోసి తెచ్చిన గడ్డి పశువులకు పెట్టవచ్చును. వేసవికి ముందే నిప్పు వ్యాపింపకుండ సరిహద్దు బాటలు గీయవలయును. ఇప్పక్రింద ఆకును చీపురుతో నూడ్చి, బట్ట పరచి పూలు పట్టవలయును. గెడ్డ చీలికలలో వాలునకు అడ్డముగ రాళ్లు పేర్చి మన్ను నాపవలయును. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, కొండచీపుళ్లు మున్నగువానిని కొండవాసులయొద్ద కొనుచున్నది. పండిన సరకునకు తగిన వెల లభించినచో పచ్చికాయ కోయు తొందర తగ్గును. 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభలకు తమ సామూహిక వనములను కాపాడుకొను హక్కును గుర్తించినది. ఆ హక్కును వినియోగించుకొను కొండగ్రామమునకు పల్లపు గ్రామము తోడు నిలుచుట ధర్మము, లాభమును.

కొండయు, చెరువును, మడియు ఒక్క కాపురమువంటివి. చెరువుపనికి చందా వసూలుచేయునపుడు కొండపనికిని కొంత కేటాయింప సభ్యులు వచ్చు సమావేశమున ఆలోచింతురుగాక.