వాకీటాకీ మాట ఎంతదూరం అందుతుంది?

2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో పలుచోట్ల సెల్‌ఫోన్లు మూగబోయాయి. అటువంటి వేళ టవరుతో నిమిత్తం లేకుండా మాటను నేరుగా చేరవేసే సాధనం వాకీటాకీ. అయితే పెట్టెపై ముద్రించిన కిలోమీటర్లు అడ్డులేని బయలుకు వర్తించే లెక్కలు. ఇద్దరు చదునైన నేలపై నిలబడితే, భూమి వంపే దాదాపు 10 కిలోమీటర్ల వద్ద హద్దు గీస్తుంది. కాంక్రీటు మేడల నడుమ ఆ దూరం ఒకటి రెండు కిలోమీటర్లకు, ఒక్కోచోట అంతకన్నా తక్కువకు కుదించుకుపోతుంది.

446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ నడుమ పనిచేసే అల్పశక్తి ఆమోదిత సెట్లకు లైసెన్సు అవసరం లేదు. అటువంటి సెట్లతో వర్షాకాలానికి ముందే ఆరుబయట పరీక్ష జరపడం శ్రేయస్కరం. ఛార్జి నిండిన సెట్టుతో ఒకరు ఒకచోట నిలవాలి. మరొకరు ప్రతి వీధి మలుపులో ఆగి, ఏంటెన్నాను నిటారుగా ఉంచి, ఒకే వాక్యం పలకాలి. స్పష్టం, గరగర, నిశ్శబ్దం అనే మూడు గుర్తులతో ఫలితాన్ని వార్డు పటంపై నమోదు చేయాలి. మాట తెగిన చోట మేడపైకెక్కి మరల ప్రయత్నించాలి. ఎత్తు పెరిగేకొద్దీ అందే దూరమూ పెరుగుతుంది.

నిశ్శబ్దమని గుర్తించిన వీధిలో ఒంటరి వృద్ధులు ఉన్నట్లయితే, వారి కబురు అందించేందుకు నడుమ ఒక మనిషిని నిలపవలసి ఉంటుందని ఆ పటమే ముందుగా తెలుపుతుంది.